తెల్లగా తిరిగొచ్చిన ఫిల్టర్ కాగితం

ఆ ఏడాది నేను పిల్లల భుజాలకు సంచులు తగిలించే పని చేశాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఏం పని చేస్తావని అడిగితే అంతవరకే చెప్పేదాన్ని. క్యాన్సర్ అనే మాట వింటే కొందరు తెలియకుండానే కాస్త జరిగి కూర్చుంటారు.

సంచి నీలంరంగుది, చిన్నది. లోపల అరచేతిలో పట్టేంత పంపు. అది సన్నటి గొట్టంతో గాలిని లాగి, పెద్ద గుండీ అంత తెల్లటి ఫిల్టర్ కాగితం గుండా పంపుతుంది. గాలిలోని మసి, సన్నటి దుమ్ము ఆ కాగితం మీద నిలిచిపోతాయి. పిల్ల రెండు రోజులు సంచి వేసుకుని తిరగాలి, పడుకునేటప్పుడు పక్కన పెట్టుకోవాలి. రక్త క్యాన్సర్ వచ్చి, వైద్యం పూర్తయి ఇల్లు చేరిన పిల్లలకు ఒక సంచి. అదే వాడలో, అదే వయసులో ఉన్న ఆరోగ్యమైన పిల్లలకు ఇంకొకటి. జబ్బుకు ముందు వాళ్లు పీల్చిన గాలి ఇప్పుడెటూ దొరకదు. కానీ ఇల్లు, పొయ్యి, రోడ్డు మారకుండా ఉంటే ఇప్పటి గాలిని బట్టి అప్పటి గాలిని అంచనా కట్టవచ్చని పరిశోధన చేసేవాళ్ల ఆలోచన. అందుకే ఏదీ మార్చవద్దని, రోజూ ఎట్లా ఉంటే అట్లాగే ఉండమని ప్రతి ఇంట్లో రెండేసిసార్లు చెప్పేదాన్ని.

నాది కల్లూరు. పెళ్లయిన ఆరేళ్లకు ఒక్కదాన్నే వెనక్కి వచ్చి, ఖమ్మంలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుండగా ఈ పని దొరికింది. సత్తుపల్లిలో మేడ మీద ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటివాళ్లు మంచివాళ్లే. కానీ ఒంటరిగా ఊళ్లు తిరిగే ఆడమనిషితో ఏం మాట్లాడాలో వాళ్లకు తోచేది కాదు. పొద్దున మెట్లు దిగుతుంటే "పోతున్నరా?" అనేవారు. సాయంత్రం ఎక్కుతుంటే "వచ్చిన్రా?" అనేవారు. రోజు మొత్తంలో నా గురించి ఎవరైనా అడిగే మాటలు ఆ రెండే. మిగతా మాటలన్నీ నేనడిగే ప్రశ్నలు, వాళ్లు చెప్పే జవాబులు.

శివరాత్రి దాటిన కొత్తలో, బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన ఒక కాలనీలోని ఇంటికి వెళ్లాను. ఇంటాయనకు గనిలో పని. పిల్ల పుట్టకముందే మంచిర్యాల వైపు నుంచి బదిలీ మీద వచ్చారట. ముందుగదిలో మంచం మీద ఆయన తల్లి పడుకుని ఉంది. ఇంటావిడకు ముప్పై ఏళ్లుంటాయి. నేనడిగిన ప్రతిదానికీ ఒక్క క్షణం ఆగి, ఆలోచించి జవాబు చెప్పింది. గ్యాసు ఉందనీ, అయినా అన్నానికి, స్నానాల నీళ్లకు వంటింటి మూలనున్న కట్టెల పొయ్యే వాడతామనీ ఆమే చెప్పింది.

పిల్లకు తొమ్మిదేళ్లు. మందులకు ఊడిన జుట్టు మళ్లీ చెవుల దాకా పెరిగి, దువ్వినా అణగకుండా నిలబడి ఉంది. నేను సంచి తగిలించి పంపు మొదలుపెట్టగానే అది సన్నగా గుయ్‌మంది.

"ఇది నా ఊపిరంత గుంజుకుంటదా మేడం?" అని అడిగింది.

"నీ ఊపిరి కాదు బిడ్డా. నీ పక్కపొంటి ఉన్న గాలి కొంచెం."

ఆ పిల్ల అద్దం ముందుకు వెళ్లి అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది.

మూడోరోజు వెళ్లి పంపు ఆపాను. కాగితం ఉన్న డబ్బీ మూత తీస్తే తెల్లగా ఉంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మూడిళ్ల అవతల ఇంకో పిల్లకు పెట్టిన కాగితం అదే రెండు రోజుల్లో బూడిదరంగుకు తిరిగింది. పంపు సరిగ్గా నడిచిందో లేదో చూశాను. నడిచింది.

సంచితోపాటు ఒక పుస్తకం ఇస్తాం. గంటగంటకూ ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎవరితో ఉన్నారు అని అందులో పిల్లలే రాయాలి. ఈ పిల్ల గుండ్రటి అక్షరాలతో ఒక్క గడి వదలకుండా నింపింది. ఇంట్లో. లోపలి అర్రలో. ఎవ్వరు లేరు. ఇంట్లో. లోపలి అర్రలో. ఎవ్వరు లేరు. తిండి వేళల్లో మాత్రం అమ్మ అని ఉంది.

నాకు హైదరాబాదులో మాకిచ్చిన శిక్షణ గుర్తొచ్చింది. అక్కడ మేమే రెండు రోజులు సంచి వేసుకుని ఆ పుస్తకం నింపాలి. మిగతావాళ్లు భర్త, అత్త, పిల్లలు, స్నేహితురాలు అని రాశారు. నేను ప్రతి గడిలోనూ 'ఒక్కదాన్నే' అని రాసి, మరీ బాగుండదేమోనని ఒకచోట 'కూరగాయలమె' అని కలిపాను.

"బడికి పోలేదా బిడ్డా?" అని అడిగాను.

"అమ్మ పంపలే. పోయినా గంతే మేడం. నా పక్కన ఎవ్వరు కూసోరు. అంటుకుంటదంట."

తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె వెనుక కట్టెల పొయ్యి చిటికెడు బూడిద లేకుండా అలికి ఉంది.

"పొయ్యి ముట్టియ్యలేదా చెల్లె?"

"ముట్టియ్యలే. అన్నం మా ఆడిబిడ్డ ఇంటికెళ్లి తెచ్చుకున్నం. కిటికీలకు తడిబట్టలు కట్టిన. దోమలబత్తి గూడ పెట్టలే."

"రోజు ఎట్లుంటరో గట్లనే ఉండమని చెప్పిన గద?"

ఆమె ముందుగది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మీరు అన్ని రాసుకపోతున్నరు. రేపు తల్లే పొగ పెట్టి బిడ్డకు బీమారి తెచ్చిందని కాగితమొస్తే నేనేం గావాలె? మా అత్త ఇప్పటికే అంటది. కడుపుల ఉన్నప్పుడు పొయ్యికాడ కూసున్నందుకే గిట్లయిందని. దవాఖానల ఉన్నన్ని దినాలు గదే మాట."

ఇట్లాంటప్పుడు ఏం చెప్పాలో మాకు నేర్పారు. ఒక్కొక్క బిడ్డకు జబ్బు ఎందుకు వచ్చిందో ఈ కొలతలు చెప్పలేవు అన్నాను. నోట్లోంచి బయటికి వచ్చాక ఆ మాట ఎవరో అచ్చు వేయించి గోడకు అంటించినట్టు అనిపించింది. మళ్లీ నా మాటల్లో చెప్పబోయాను.

"ఇది తప్పు పట్టే మిషన్ కాదు చెల్లె. శానా ఊర్ల పిల్లల లెక్కలు ఒక్కకాడ కలిపితేనే ఏమన్న తెలుస్తది. అప్పుడు గూడ, నీ బిడ్డకు గిందుకే వచ్చిందని ఎవ్వరు చెప్పలేరు."

"అంటే నాకు ఎప్పటికి తెల్వదా?"

"తెల్వదు" అన్నాను.

ఆమె గుమ్మంలోనే కూర్చుంది. "తెలుస్తదనే ఒప్పుకున్న మేడం" అంది.

సంచి తీసుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఆటో వచ్చేలోపు ఎన్నో లారీలు పోయాయి. తెలుస్తుందని ఒక అబద్ధం చెప్పి ఉంటే ఏం పోయేదని నిలబడ్డంతసేపూ అనుకున్నాను.

హైదరాబాదులో మా పని చూసే డాక్టరమ్మకు ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆ కాగితం పనికిరాదనీ, వాళ్లు ఒప్పుకుంటే మామూలు రోజుల్లో మళ్లీ పెట్టమనీ ఆమె అంది. అందులో తప్పు లేదు. కానీ మామూలు రోజులంటే ఏమిటో నాకు తెలుసు. ఆ తల్లి దగ్గరికి పోయి, వంటింట్లో మళ్లీ కట్టెలు ముట్టించమని నా నోటితో చెప్పాలి.

ఆ వారమంతా టేకులపల్లి దాటి అడవిలోని పల్లెల్లో తిరిగాను. అక్కడివాళ్ల భాష నాకు రాదు. నా మాట వాళ్లకు, వాళ్ల మాట నాకు తిప్పి చెప్పే ఆశా కార్యకర్త వచ్చేదాకా బడి అరుగు మీద కూర్చునేదాన్ని. ఆడవాళ్లు నన్ను చూసి నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని, అంతటితో అయిపోయేది. అట్లా కూర్చుని ఆ తల్లికి చెప్పాల్సిన మాటను రకరకాలుగా కూర్చుకుని చూసుకున్నాను. ఏ రకంగా చెప్పినా అది పొగ పెట్టమని చెప్పడమే.

మళ్లీ వెళ్లేసరికి పొయ్యి వంటింట్లో లేదు. పెరటి గోడ దగ్గర, పైన ఏ నీడా లేనిచోట, ఆమె కొంగు నెత్తిన వేసుకుని ఎండలో అన్నం వండుతోంది.

"మళ్ల పెట్టమన్నరా?" అని నా చేతిలోని సంచి చూసి అడిగింది.

"అవ్."

"లోపల ముట్టియ్యమంటరా?"

"వద్దు" అన్నాను. వారం రోజులు కూర్చుకున్న మాటలేవీ గుర్తు రాలేదు. "ఇప్పుడెట్లుంటున్నరో గట్లనే ఉండున్రి. బిడ్డను బడికి పంపు. బయట తిరగనియ్యి."

పొయ్యి చోటు మార్చారనీ, వెనకటి రోజుల్లా లేదనీ ఫారంలో రాసుకున్నాను. ఈ కొలత కూడా పక్కన పెట్టేస్తారని అప్పుడే అనుకున్నాను.

పిల్ల తానే వచ్చి భుజం ముందుకు పెట్టింది. "దీని సప్పుడు మంచిగుంటది మేడం. పండుకుంటే పక్కన ఎవరో ఉన్నట్టుంటది."

గొట్టం సరిగ్గానే ఉన్నా, తల వంచుకుని మళ్లీ ఒకసారి సరిచేశాను.

మూడోరోజు మూత తీస్తే కాగితం బూడిదరంగులో ఉంది. నా భుజం మీదుగా తల్లి కూడా చూసింది.

"లోపల పుల్ల ముట్టియ్యలే. మరి గిది ఏడికెళ్లి వచ్చింది?"

అప్పుడే ఒక లారీ పోయింది. కిటికీ రెక్కలు అదిరాయి. ఇద్దరం ఆ వైపు చూశాం.

"రంగు చూసి ఏం చెప్పలేం చెల్లె. ల్యాబుల తూస్తేనే లెక్క" అన్నాను. ఆమె అప్పటికే ముందుగదిలోకి వెళ్లిపోయింది. "ఇంటున్నవా అత్తా? మన పొయ్యి కాదంట" అని గట్టిగా చెప్పడం వినిపించింది.

నేను ఆ మాట అనలేదు. లోపలికి వెళ్లి, పొయ్యి అవునని గానీ కాదని గానీ ఈ కాగితం చెప్పదని సరిదిద్దాలి. డబ్బీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆమె తిరిగి వచ్చి నాకు చాయ్ పెట్టింది. ఆ ఇంట్లో నేను కూర్చుని ఏదైనా తాగడం అదే మొదటిసారి. ఆమె తన పుట్టింటి సంగతులు చెబుతూ ఉంది, నేను వింటూ ఉన్నాను. సరిదిద్దకుండానే లేచి వచ్చాను.

సాయంత్రం ఈ సంగతి కూడా నివేదికలో రాసి పంపాను. స్పష్టంగా చెప్పి ఉండాల్సిందని డాక్టరమ్మ మెత్తగానే అంది. అవునన్నాను. అనుకున్నట్టే ఆ ఇంటి కాగితాలు రెండూ పక్కన పెట్టారు. వానలు మొదలయ్యేసరికి మా పని ముగిసింది. గది ఖాళీ చేసి కల్లూరు వచ్చేశాను. లెక్కలన్నీ ఇంకా చూస్తున్నారట.

దసరాకు ముందు ఖమ్మం బస్టాండులో ఆ తల్లీపిల్లా కనిపించారు. పరీక్షలు చేయించడానికి హైదరాబాదు పోతున్నారు. పిల్లకు రెండు పొట్టి జడలు వచ్చాయి. నన్ను ఆనవాలు పట్టలేదు. తల్లి బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చింది.

"అదేమన్న తెలిసిందా అక్కా?"

"ఇంక తెల్వలే."

ఆమె తల ఊపి సంచిలోంచి మురుకుల పొట్లం తీసి సగం నా చేతిలో పోసింది. పిల్ల బడిలో కొత్తగా ఒక తురకల అమ్మాయి చేరిందనీ, ఇద్దరూ కలిసి అన్నం తింటున్నారనీ చెప్పింది. బస్సు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "నీ పనెట్లున్నది? మంచిగనే ఉన్నవా?" అని అడిగింది. జవాబు చెప్పేలోపు కండక్టరు తొందరపెట్టాడు. తల్లి చెబితే పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను కూడా ఊపాను. బస్సు గేటు దాటాక, మురుకులు తింటూ కల్లూరు బస్సు ఎక్కడ ఆగుతుందో వెతుక్కుంటూ వెళ్లాను.