పదికి పన్నెండు

మా అన్నయ్యని దొంగ అన్నది జీడిపిక్కల షావుకారు. ఆ మాటకి సాక్ష్యం పలికింది మా ఆయన. ఆ సాక్ష్యం అబద్ధమని తెలిసి నోరు మూసుకున్నది నేను. ముగ్గురిలో నేనొక్కదాన్నే మిగిలాను కనక రాస్తున్నాను.

అరవైల చివర్లో మేము పలాసలో ఉండేవాళ్ళం. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మా ఆయన నా మేనత్త కొడుకు, కార్ల మెకానిక్కు. కాశీబుగ్గ వెళ్ళే రోడ్డు పక్కన, మా ఇంటిని ఆనుకునే అతని షెడ్డు. అన్నయ్య షావుకారు కారుకి డ్రైవరు. నాన్న పోయాక అక్కుపల్లి దగ్గరున్న మా కొబ్బరిచెట్లు కౌలుకిచ్చేసి, తను చదువు మాని లారీ క్లీనరుగా చేరి, నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించింది అన్నయ్యే. పెళ్ళి కుదిర్చిందీ అతనే. "బావ సేతిలో పనుంది సెల్లీ. నీకే లోటూ రాదు" అన్నాడు.

షావుకారు జీడితోటలు చూసుకోవడానికి వారానికి రెండుసార్లు ఉద్దానం వెళ్ళేవాడు. అక్కడ దారంటే ఇసకే. తోటల మధ్య బండి జాడలు తప్ప రోడ్డు లేదు. కారు బరువైనది, లోపలికి పోగానే చక్రాలు కూరుకుపోయేవి. ఇంజను అరిచేది తప్ప బండి కదిలేది కాదు. ఒకసారి తోటలో పని చేసే ఆడవాళ్ళందరూ చూస్తుండగా ఎద్దుల్ని కట్టి కారుని లాగించాల్సి వచ్చింది. షావుకారు చెప్పులు చేతపట్టుకుని వెనక నడిచాడట. ఎవరో నవ్వారట. ఆ నవ్వు అతన్ని ఇసక కన్నా ఎక్కువ బాధ పెట్టింది. జీపు కొనుక్కోమంటే వినడు. జీపులో కూర్చుంటే తాసీల్దారు బంట్రోతులా ఉంటానంటాడు.

మా ఆయన ఉపాయం చెప్పాడు. వెనక చక్రాల మధ్య లావుగా ఉబ్బి ఉండే డబ్బాలో రెండు పళ్ళచక్రాలుంటాయి, పెద్దది క్రౌను, చిన్నది పినియను. అవి మారిస్తే చక్రం తిరిగే వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. అదే కంపెనీ సరుకుల వ్యానుకి అలాంటివే వేస్తారు. అలాంటి వ్యానొకటి బరంపురంలో పాత ఇనుము కొట్లో పడి ఉందని వాకబు చేసి, అన్నయ్యా అతనూ పాసింజరు బండిలో వెళ్ళి ఆ డబ్బాని గోనెసంచిలో కట్టి తెచ్చారు. స్టేషన్నించి ఇద్దరూ కర్రకి వేలాడదీసి మోసుకొచ్చారు. నవ్వుకుంటూ వచ్చారు. అలా ఇద్దర్నీ కలిసి చూడ్డం అదే ఆఖరని నాకేం తెలుసు.

పని రెండు రోజులు పట్టింది. సెలవురోజులు కావడంతో నేనూ దగ్గరే ఉన్నాను. సింధూరం నూనెలో రంగరించి ఇచ్చింది నేనే. మా ఆయన దాన్ని పళ్ళకి పూసి చేత్తో తిప్పి, ఒక పన్ను ఇంకో పన్నుని ఎక్కడ తాకుతోందో మచ్చని బట్టి చూసేవాడు. మచ్చ ఒక పక్కకి పోతే మళ్ళీ విప్పి పల్చటి రేకులు మార్చేవాడు. పదిసార్లయినా విప్పి ఉంటాడు. ఆ మనిషిని అలా చూస్తుంటే నాకు గర్వంగా ఉండేది. ఆ మాట దాచను.

మూడోరోజు కారు ఉద్దానం ఇసకలో ఎక్కడా ఆగకుండా నడిచింది. షావుకారు సంతోషించి, తన జీడిపిక్కల ఫేక్టరీ లారీలు రెండింటి పనీ ఇకనించి మా షెడ్డుకే అన్నాడు. ఆ సాయంత్రం మా ఆయన కిరసనాయిలుతో చేతులు తోముకుంటూ నాతో అన్నాడు:

"ఒక్కటుండిపోయింది. మైళ్ళ మీటరు ఎక్కువ సూపిత్తాది."

"ఎందుకు?"

"మీటరు తీగ చక్రం దగ్గర ఉండదు, గేరుబాక్సు దగ్గరుంటాది. ఇప్పుడు అక్కణ్ణించి ఎనక్కొచ్చే షాఫ్టు ఎక్కువ సుట్లు తిరిగితే గాని ఎనక చక్రం ఒక సుట్టు తిరగదు. మీటరు ఆ సుట్లే లెక్కెడతాది."

పాత పినియనుకి తొమ్మిది పళ్ళు, క్రౌనుకి నలభై ఒకటి. కొత్తవాటికి ఎనిమిదీ, నలభై మూడూ. నేను గోడ మీద సుద్దముక్కతో లెక్క కట్టాను. పది మైళ్ళు నడిస్తే మీటరు దగ్గర దగ్గర పన్నెండు చూపిస్తుంది.

"మరి షావుకారికి సెప్పారా?"

"గేరుబాక్సులో ఒక సిన్న పళ్ళచక్రం మారిత్తే సరిపోద్ది. మద్రాసు నించి రావాల. వచ్చాక సెప్పొచ్చు."

అది రాలేదు. తెప్పించలేదన్నమాటే నిజం. లారీల పని మొదలయ్యాక తీరిక లేదు. అన్నయ్య ఒకటి రెండుసార్లు అడిగాడు కూడా, ముల్లు నలభై మీదుంటే చెట్లు మాత్రం నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి, ఏటి బావా ఇది అని. "నీ డ్రైవింగు నువ్వు సేసుకో" అన్నాడు మా ఆయన. అన్నయ్య దాన్ని వేళాకోళం అనుకున్నాడు.

మూడు నెలలకి పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. షావుకారు మీటరు చూశాడు. పెట్రోలు కూడా మునుపటి కన్నా ఎక్కువ తాగుతోంది. కారు టెక్కలి కోర్టుకీ ఉద్దానం తోటలకీ తప్ప ఎక్కడికీ పోదు కదా, మరి ఇన్ని మైళ్ళు ఎక్కడివి? తను ఫేక్టరీలో ఉన్న వేళ డ్రైవరు పెళ్ళివాళ్ళని ఎక్కించుకుని తిప్పుతున్నాడని నిశ్చయించుకున్నాడు. గుమస్తాల ముందు అన్నయ్యని నిలబెట్టి అడిగాడు. అన్నయ్య, గేరు మార్చినప్పటి నుంచీ మీటరు తేడాగా ఉంది బాబూ, మా బావని అడగండి అన్నాడు. కబురంపితే మా ఆయన వెళ్ళాడు.

"ఎనక గేరు మారిత్తే ముందు మీటరు మారుతాదేటి?" అని షావుకారు అడిగాడు.

"ఎలా మారుతాది బాబూ. అదీ ఇదీ యేరు" అన్నాడట మా ఆయన.

అంతే. ఒక్క ముక్క. ఆ ముక్క దగ్గర అన్నయ్య తాళంచెవి బల్ల మీద పెట్టేశాడు.

అక్కణ్ణించి నేరుగా మా ఇంటికొచ్చాడు. నేను ఐదో నెల మోస్తున్నాను. మా ఆయన సైకిలు మీద అప్పటికే వచ్చి నడవలో అన్నం తింటున్నాడు. అన్నయ్య లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, అతనివైపు చూడకుండా నన్నడిగాడు.

"సెల్లీ, నువ్వు లెక్కలు సెప్తావు కదా. గేరు మారితే మీటరు మారదా?"

నేను మా ఆయన చెయ్యి చూశాను. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నాకేటి తెలుత్తాది అన్నయ్యా, బళ్ళ సంగతి" అన్నాను.

అన్నయ్య "అవున్లే" అని వెళ్ళిపోయాడు. అన్నం తిని వెళ్ళమని కూడా నేను అనలేదు.

అతను వెళ్ళాక అడిగాను, ఎందుకలా చెప్పారని. మా ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నిదానంగా చెప్పాడు. "మీటరు సంగతి ముందే ఎందుకు సెప్పలేదంటాడు. తప్పు నాది అవుతాది. లారీలు రెండూ పోతాయి. మీ అన్నకేటి, ఇంకో కారు దొరుకుతాది."

దొరకలేదు. పలాస, కాశీబుగ్గ, టెక్కలి, ఈ మూడూళ్ళలో కార్లున్నవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. యజమాని కారుని బాడుగకి తిప్పిన డ్రైవరు అంటే ఎవరు పెట్టుకుంటారు. నిమ్మాడలో ఒక రైతు పెట్టుకుంటానని రమ్మని, రెండోరోజు మాట మార్చేశాడు. చివరికి అన్నయ్య వదినతో టెక్కలి వెళ్ళి ఒక రైసుమిల్లులో బాయిలరులోకి ఊక ఎగదోసే పనికి కుదిరాడు. పదిహేనేళ్ళు స్టీరింగు పట్టినవాడు.

నేను రెండు నెలలు ఓపిక పట్టాను. ఓపిక అని నాకు నేనే చెప్పుకున్నాను, అది పిరికితనం. ఒక ఆదివారం ఉదయం మా ఆయన లారీ కోసం సోంపేట వెళ్ళినప్పుడు, లెక్క అంతా కాయితం మీద రాసుకుని షావుకారింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని ఉన్నాడు. పళ్ళ లెక్క, షాఫ్టు చుట్లు, పదికి పన్నెండు, అన్నీ పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. కాయితం అందుకోలేదు గాని పూర్తిగా విన్నాడు.

"కొత్త డ్రైవరు ఒచ్చిన వారానికే సెప్పాడు పంతులమ్మా" అన్నాడు. "రోడ్డు మీద మైలురాళ్ళు ఒక్కోటీ లెక్కెట్టి సూపించాడు. నిజమే."

"మరి మా అన్నయ్యని పిలిపించలేదేం?"

"నలుగుర్లో అన్నమాట ఎనక్కి తీసుకుంటే రేపు నా మాట ఎవుడింటాడు? జరిగిందేదో జరిగింది." నన్ను చూసి జాలిపడ్డట్టు అన్నాడు. "మీ ఆయన నీకు సెప్పలేదేటి? ఆ సిన్న చక్రం తెప్పించి ఆయనే మార్చాడు, కిందటి వారం. ఇప్పుడు మీటరు బాగానే ఉంది."

నేను ఎలా ఇంటికొచ్చానో గుర్తు లేదు. మా ఆయన మధ్యాహ్నం వచ్చాడు. అడిగాను. కాళ్ళు కడుక్కుంటూ "మారిత్తే మంచిదే కదా" అన్నాడు. ఇంక ఏమన్నా అతను దానికీ ఓ నిదానమైన జవాబు చెప్పేవాడు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి బస్సెక్కి టెక్కలి వెళ్ళాను. మిల్లు వెనక, నల్లటి ఊకబూడిద కుప్పల మధ్య అన్నయ్య కనబడ్డాడు. కనుబొమ్మల మీద కూడా బూడిద. నన్ను చూసి పార పక్కన పెట్టి, నా కడుపు చూసి, "ఇలాటప్పుడు బస్సుల్లో తిరుగుతావేటి" అన్నాడు. నేను అంతా చెప్పేశాను. గోడ మీద లెక్క కట్టిన సాయంత్రం సంగతీ, గుమ్మంలో అతను అడిగిననాడు నాకు తెలుసన్న సంగతీ, షావుకారికీ తెలుసన్న సంగతీ.

అన్నయ్య ఆశ్చర్యపోలేదు.

"షావుకారి సంగతి నాకు తెల్దు. నీ సంగతి తెలుసు" అన్నాడు. "ఆ రోజు నువ్వు నా మొహం సూడలేదు సెల్లీ. సిన్నప్పుడు కూడా అబద్ధమాడితే అంతే నువ్వు."

"తిట్టన్నయ్యా."

"తిట్టి ఏటి సేత్తాను. బావ పెద్దోడి ముందు బయపడ్డాడు. ఆడి బయం నాకరదమౌతాది. నీకు నేనంటే బయం లేదు కదా. మరి నాకెందుకు సెప్పలేదు?"

  మిల్లు లోపల్నించి ఎవరో కేకేస్తే అతను పార తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అన్నయ్య మా ఇంటి గడప తొక్కలేదు. నాకు పాప పుట్టినప్పుడు వదినొక్కతే వచ్చింది. మా ఆయన లారీల పని చాలాకాలం చేశాడు, షెడ్డు పెద్దది చేశాడు, మంచి పనివాడని ఇచ్ఛాపురం నుంచి కూడా బళ్ళు వచ్చేవి. మంచి పనివాడే. నేను అతనికి అన్నం పెట్టాను, బట్టలు ఉతికాను, జబ్బు చేస్తే పక్కన కూర్చున్నాను. అతను ఏదైనా చెబితే మాత్రం, నిజమేనా అని ఒక్కసారీ అడగలేదు. అడిగే ఆసక్తి పోయింది.

కొన్నేళ్ళకి నేను అడిగి మరీ టెక్కలికి బదిలీ చేయించుకుని, రోజూ పలాస నుంచి బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. వారానికొకసారి స్కూలు వదిలాక అన్నయ్య ఇంటికి వెళ్ళేదాన్ని. వదిన పీట వేసేది, కాఫీ ఇచ్చేది. అన్నయ్య అరుగు మీద ఉంటే పాప చదువు గురించీ వానల గురించీ రెండు మాటలు అడిగి, పనున్నట్టు లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. నేనెంతసేపు కూర్చున్నా, నేను బస్సెక్కే దాకా తిరిగి వచ్చేవాడు కాదు.