పెనుకొండ దగ్గర గుట్టు తెలిసిన సంగీతం

స్తుతులకు పాత్రుడైన దేవునికి స్తోత్రం. ఆయన నా గర్వాన్ని రైలు పెట్టెలోనే అణిచాడు.

బాపట్ల నుంచి హిందూపురం సంఘానికి వాక్యం చెప్పడానికి వెళ్తున్నాను. అక్కడి సంఘపెద్ద లోకపు పాటలంటే మండిపడతారు. అందుకే మౌన ప్రార్థనలో వినిపించడానికి మాటల్లేకుండా వందమంది వాయించిన ఫిడేళ్ల సంగీతం ఒకటి ఎంచుకుని ఫోన్లో వింటున్నాను. ధర్మవరంలో ఎక్కిన చీరల అంగడి పెద్దావిడ అది విని తల ఊపింది.

"దేవుని సంగీతం, మామ్మగారూ" అన్నాను గొప్పగా.

"యాడి దేవునిదప్పా! మా కోడలు చీరలు మడతేసేటప్పుడు పెట్టేది ఇదే. రాక్ బ్యాండోళ్ల పాటంట. అసలు పాటలో ఒకడు గొంతు చించుకుంటాడు. ఈడ వాని బదులు ఫిడేళ్లు పెట్టినారు, అంతే!"

పెనుకొండ వచ్చేలోగా ఫోన్లో వెతికాను. ఆమె చెప్పిందే నిజం. ఇక దీన్ని వినిపించనన్నాను.

"ఏమబ్బా, అంత బెదురు? మా భజనలో సగం సినిమా వరసలే. సామి ఒక్కసారన్నా అలిగిండాడా?"

ఆ సాయంత్రం ప్రార్థనలో, అదేమిటో చెప్పకుండానే, ధైర్యం చేసి వినిపించాను. సంఘపెద్ద కళ్లు తుడుచుకుని, ఆ సంగీతం ఎలా పుట్టిందో వచ్చే ఆదివారం అందరికీ సాక్ష్యంగా చెప్పమన్నారు. నాకు నిజం చెప్పే ధైర్యం, ఆయనకు నవ్వే మనసు కలగాలని మీరూ నాతో కలిసి ప్రార్థించండి.