ఘాటు లేని ఉల్లిపాయలు

నా చిన్నప్పుడు మా పక్కింటి టీచరమ్మగారి వరండాలో ఆరు మట్టికుండీలు ఉండేవి. చలికాలమంతా వాటిలో ఆకు ఉండేది కాదు, మొలక ఉండేది కాదు, ఎండిన మట్టి తప్ప. ఆవిడ చుక్క నీళ్ళు పోసేవారు కాదు. పర్చూరు పక్క పల్లెలో మిరప, పత్తి, పొగాకు చూసి పెరిగిన మాకు, ఖాళీ కుండీలను అంత భద్రంగా చూసుకోవడం వింతగా ఉండేది. ఆ మట్టి కింద దక్షిణాఫ్రికా దుంపలు నిద్రపోతున్నాయనీ, ఇప్పుడు తడి తగిలితే కుళ్ళిపోతాయనీ చెప్పేవారు. వాళ్ళ నాన్నగారు మిషన్ బంగళాలో తోటమాలిగా ఉన్నప్పుడు అక్కడి దొరసాని ఇచ్చిన ఒక్క దుంపే పిల్లలు పెట్టి అన్ని కుండీలైందట. వేసవిలో తొలి వాన పడ్డాక, ఆకు కంటే ముందే ఒక కాడ లేచి, దాని కొసన పసిపిల్ల తలంత ఎర్రటి బంతిలాంటి పువ్వు విచ్చుకునేది.

"పువ్వును ఎంతసేపైనా చూడండి, దుంప జోలికి మాత్రం పోకండి. మా నాన్న మేకలు రెండు దీన్ని కొరికి, పొద్దుగూకేలోపు కాళ్ళు తన్నుకుని చచ్చిపోయాయి" అనేవారు. మమ్మల్ని బెదిరించడానికి అల్లిన కథ అనుకున్నాను.

నాకు తొమ్మిదో ఏడు. బడి లేని ఒక శనివారం. మా చేలో ఆ రోజు మిరప చివరి కోత. కూలీలకు మా ఇంట్లోనే వంట. టీచరమ్మగారు బజారుకు వెళ్ళడం చూసి, వాళ్ళ వరండాలోకి దూరి, ఒక కుండీ తవ్వి రెండు దుంపలు తీశాను. మా పెరట్లో పాతుకుంటే ఆ పువ్వు మాకూ పూస్తుందని నా ఆశ. వాటితో మా ఇంట్లో అడుగు పెడుతుండగా నాయనమ్మ గట్టిగా పిలిచేసరికి కంగారుపడి, చేతిలోవి వంటింటి గుమ్మం పక్కన ఉల్లిపాయల బుట్టలో పడేశాను. కొట్టుకు వెళ్ళి పులుసులోకి బెల్లం తెమ్మంది. తెచ్చిచ్చి, అటే ఆటల్లో పడ్డాను.

తిరిగొచ్చేసరికి బుట్ట ఖాళీ. నాయనమ్మ అరచేతులు గోక్కుంటూ కూర్చుంది.

"ఈ ఉల్లిపాయలు ఏం ఉల్లిపాయలో! తరిగితే కంట్లో చుక్క నీళ్ళు రాలేదు. చేతులేమో ఒకటే దురద."

పులుసు గిన్నె ఎక్కడని అడిగాను. నాన్న చేలోకి తీసుకెళ్ళాడంది. చెబితే నాన్న చంపేస్తాడు. చెప్పకపోతే? ఆ మేకలు కళ్ళ ముందు మెదిలాయి. అయినా గుమ్మానికి అతుక్కుపోయి అలాగే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు.

అప్పుడు, బజారు నుంచి వచ్చి తవ్విన కుండీ చూసుకున్న టీచరమ్మగారు పెరటి దారిన వచ్చారు. నా గోళ్ళలో మట్టి చూశారు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు పెంచకుండా అన్నారు.

"ఎవరు తవ్వారని నేను అడగను. ఎప్పటికీ అడగను. అవి ఎక్కడున్నాయో చెప్పు చాలు."

"పులుసులో" అన్నాను.

ఆవిడ చెప్పులు వదిలేసి పరుగెత్తారు. ఎండలో, గట్ల వెంట, ఆ వయసులో. వెనక నేను. చేలో కూలీలు వరసగా కూర్చున్నారు. నాన్న వడ్డిస్తున్నాడు. "ముద్ద నోట్లో పెట్టొద్దు!" అని ఆవిడ వేసిన కేకకు అందరి చేతులూ ఆగిపోయాయి. వరసలో మొదట కూర్చున్న ముసలావిడ మాత్రం అప్పటికే రెండు ముద్దలు మింగేసింది. కాసేపటికి వాంతులు పట్టుకున్నాయి. బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

ఇంటికొచ్చాక నాన్న కళ్ళు ఎర్రబడ్డాయి. "ఎవరు చేశారే ఈ పని?" అని ఇంటిల్లిపాది మీదా అరిచాడు. టీచరమ్మగారు అడ్డొచ్చారు. "ఉల్లిపాయలా ఉండే విషాన్ని పిల్లలకు అందేచోట పెట్టుకున్నది నేనండి. తప్పు నాది." నాన్న ఆవిడను నానా మాటలూ అన్నాడు. ఆవిడ తలవంచుకుని విన్నారు. నేను స్తంభం వెనక ఉన్నాను.

రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, చావు కబురేమోనని తలుపు వెనక దాక్కునేదాన్ని. మూడో రోజు ముసలావిడ ఇంటికొచ్చింది. నేను ఒక్కదాన్నే కూలీల పేటకు వెళ్ళి, ఆవిడ మంచం పక్కన నిలబడి, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

ఆవిడ లేచి కూర్చుంది. "చెప్పావు గనక రెండు ముద్దల్తో పోయింది పాపా. లేకపోతే అందరం తినేవాళ్ళం" అంది. క్షమించానని అనలేదు. ఆ మాట నేనూ అడగలేదు. అక్కణ్నుంచి నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళాను. దెబ్బలు పడ్డాయి. ఆ సాయంత్రం నాన్న టీచరమ్మగారి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడటం చూశాను.

పెద్దయ్యాక ఆడపిల్లల హాస్టల్లో చాలా ఏళ్ళు వార్డెన్‌గా చేశాను. ఏ గదిలోంచి కేక వినబడినా "ఎవరే?" అన్న మాట నాలుక కొసదాకా వచ్చేది. దాన్ని మింగేసి "ఏమైంది, ఎక్కడ?" అని మాత్రమే అడిగేదాన్ని. భయంతో బిగుసుకుపోయిన పిల్లలు కూడా నోరు విప్పేవాళ్ళు.