నొప్పి పోయిందని పాయసం చేసుకున్నాం

మా చిన్నప్పుడు... పురసవాక్కంలో మా వీధికి నీళ్ల లారీ వచ్చిందంటే చాలు, వండుతున్నవాళ్లు వంట వదిలి, జడ వేసుకుంటున్నవాళ్లు జడ వదిలి, ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు. ఆ బురదలోనే ఒకరోజు మా అమ్మ జారి పడింది. కుడి ముంజేయి విరిగింది... బిందె మాత్రం పగల్లేదని లైనులో ఎవరో అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంట.

అమ్మ టి. నగర్ పట్టుచీరల కొట్లకు కొంగు కుచ్చులు కట్టేది. పోగులు విడదీసి, పురి పెట్టి, ముడి వేసి... అంతా నాతో కబుర్లు చెబుతూనే, చేతి వంక చూడకుండానే. నాయన ఎన్నూరులో లారీ నడిపేవాడు, ఆదివారాలే ఇంటికి వచ్చేవాడు. మా ఇల్లు సగం అమ్మ కుడిచేతి మీదే నడిచేది.

ఆసుపత్రి అంటే అవ్వ ఒప్పుకోలేదు. అవ్వ అంటే మా నాయనమ్మ. తరాలుగా ఈ అరవ ఊళ్లోనే ఉన్నా, ఎముక విరిగితే మా వాళ్లకు గుర్తొచ్చేది కట్టు కట్టేవాళ్లే. తాత కాలు అలాగే బాగైందట... ఆసుపత్రికి పోతే కోసేస్తారట.

కట్టు ఆయన వచ్చాడు. ఎముక సరిచేసి, ఆకుపసరు పూసి, కోడిగుడ్డు తెల్లసొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు. తను వచ్చి విప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి వెళ్లాడు.

అప్పుడే బడిలో మాకు కణజాలాల పాఠం. మాది తెలుగు మీడియం. సైన్సు టీచరు మా చేతులే మాకు చూపించి చెప్పింది... చర్మం పైపొర ఉపకళా కణజాలం. ఎముక సంయోజక కణజాలం. రక్తం కూడా అదే జాతి అంటే అందరం నవ్వాం, గట్టి ఎముకకూ పారే రక్తానికీ చుట్టరికం ఏమిటని. చేతిని కదిలించేది కండర కణజాలం, కబుర్లు మోసేది నాడీ కణజాలం.

ఇంటికొచ్చి ఇదంతా అమ్మకు ఒప్పజెప్పబోయాను. వినే స్థితిలో లేదు. కట్టు కట్టింది మొదలు ఒకటే నొప్పి... వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. గోడకు ఆనుకుని, పైటకొంగు పళ్ల మధ్య కరిచి పట్టుకుని కూర్చునేది. కాస్త వదులు చేయమని అవ్వను బతిమాలింది.

"విప్పితే ఎముక వంకరగా కూడుతుందే. కొంచెం ఓర్చుకో" అంది అవ్వ.

అవ్వ గయ్యాళి అత్త కాదు. కోడలికి తల దువ్వేది, అన్నం కలిపి నోట్లో పెట్టేది. కట్టు మీద చెయ్యి పడనివ్వనిదీ ఆ ప్రేమతోనే... అందుకే నాకు ఆమె మీద పూర్తిగా కోపం కూడా రాదు.

ఒక పొద్దున చూస్తే అమ్మ మొహం తేటగా ఉంది.

"నొప్పి పోయింది అత్తా. చెయ్యి ఈడ ఉన్నట్టే లేదు" అంది.

అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మవారి గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది. ఎముక కూడిందని వీధంతా చెప్పింది. సేమియా పాయసం చేసింది... అమ్మ ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని రెండోసారి పోయించుకుంది. అందరం నవ్వుకున్నాం.

కొన్ని వారాలకు కట్టు ఆయన వచ్చి విప్పాడు. చెయ్యి పుల్లలా ఉంది, బద్దలు ఒరిసిన చోట పుండ్లు. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి, తెరవబోతే తెరుచుకోలేదు. నూనె పెట్టి మర్దన చేయమన్నాడు... మా మొహాలు చూడకుండా సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు నాయన పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అవ్వా నేనూ వెంట వెళ్లాం. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి అరవంలో చెప్పింది... ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది. చర్మం మీద పుండ్లు మానిపోతాయి. కానీ బిగింపుకు లోపల రక్తం ఆడక కండ చచ్చిపోయింది, నరం చచ్చిపోయింది. ఆపరేషన్ చేస్తే వేళ్లు కొంచెం చాచవచ్చు. ముడి వేసే చెయ్యి మాత్రం తిరిగి రాదు.

"నొప్పి పోయిందని చెప్పిందే..." అంది అవ్వ.

నరం పోయింది కాబట్టే నొప్పి పోయిందని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. మేము పాయసం తాగిన రోజు ఏం జరిగిందో నాకు ఆ గదిలో అర్థమైంది.

ఆ ఏడు పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది... మానవ శరీరంలోని కణజాలాల రకాలు వివరించుము. నాలుగూ రాశాను, బొమ్మలు కూడా వేశాను. రెండే మా అమ్మ చేతికి మిగిలాయని మాత్రం రాయలేదు.

కుచ్చుల పని పోయింది. అవ్వ బతికున్నన్నాళ్లూ అమ్మ జాకెట్టు హుక్కులు తనే పెట్టింది, ఒక్కరోజు కూడా నన్ను పెట్టనివ్వలేదు.

ఇప్పుడు మా వీధిలో నీళ్లు కొళాయిలోనే వస్తున్నాయి. మలుపు మలుపుకీ ఎక్స్‌రే తీసే చోటు ఉంది. మా బడిలో తెలుగు సెక్షన్ ఎత్తేశారు... నా కూతురు అదే పాఠాన్ని ఇంగ్లీషులో చదివి, వాళ్ల అమ్మమ్మకు అరవంలో చెబుతుంది. ఆ రోజులే బంగారం అని అందరూ రాస్తుంటారు. నాకు రాయబుద్ధి కాదు.

మీ ఇళ్లల్లోనూ ఇలాంటి కట్లు కట్టించుకున్నవాళ్లు ఉంటే, ఏమైందో కింద రాయండి... బాగుపడిన కథలైతే ఇంకా సంతోషం. ఎవరికైనా ఇప్పుడు కట్టు ఉంటే మాత్రం, నొప్పి తగ్గిందా అని అడిగి ఊరుకోకండి. వేళ్లు తెలుస్తున్నాయా అని అడగండి.

నిన్న టి. నగర్‌లో రోడ్డు దాటుతూ అమ్మ కుడిచెయ్యి పట్టుకున్నాను... నేనింకా వదల్లేదు, సగం దూరం వచ్చాక అమ్మ వెనక్కి తిరిగి, నేనేదని జనంలో వెతుకుతోంది.