గొడుగు విప్పని పుట్టగొడుగులు

మా ఆయన పోయిన మరుసటి ఏడాది, తొంభైల చివర్లో, నేను పుట్టగొడుగుల పెంపకం నేర్చుకున్నాను. తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళిందంటారు. నాకు తోడికోడలు లేదు కాబట్టి మండపేటలో శిక్షణ క్లాసుకి వెళ్ళాను. వాటి మీద ప్రేమేమీ లేదు. ఇంట్లో పెరిగేది ఏదో ఒకటుంటే పొద్దున్నే లేవడానికి కారణం దొరుకుతుందనిపించింది.

ఉడకబెట్టిన ఎండుగడ్డిని, మధ్యమధ్య విత్తనం చల్లుతూ ప్లాస్టిక్ సంచుల్లో కూరి, ఆయన పడుకునే వెనక గదిలో వేలాడదీశాను. ఆ గది కిటికీలు ఆయన పోయిన రోజు మూసినవే. తెరిస్తే వెనకింటి వాళ్ళ జాలి చూపులు లోపలికి వస్తాయని నా బాధ. పైగా గదిలో తేమ ఉండాలని క్లాసులో చెప్పారు. ఇంకేం, పాత గోనెసంచులు తడిపి కిటికీ సందులన్నిట్లో కుక్కేశాను.

గడ్డి నిండా తెల్లగా బూజు అల్లుకుంది. తర్వాత సంచుల కన్నాల్లోంచి వచ్చినవాటిని చూసి నా మొహం మాడిపోయింది. వేలెడేసి కాడలు, వాటి చివర చొక్కా గుండీలంత గొడుగులు. అన్నీ తలుపు సందు వైపే వంగి ఉన్నాయి. ఒక గుత్తి కోసి పట్టుకెళ్ళి క్లాసు చెప్పినాయనకి చూపించాను.

"గదిలో గాలి ఆడటం లేదాండి?" అన్నాడు.

"తేమ పోతుందని మూసేశానండి."

"వాటికీ ఊపిరాడాలి కదండీ. అవి వదిలిన గాలే గదిలో నిండిపోతే, మంచిగాలి కోసం కాడలు సాగదీస్తాయి, గొడుగు విప్పవు. కిటికీలు తీసెయ్యండి, తర్వాత కాపుకి సర్దుకుంటాయి."

ఇంటికొచ్చి ఆ గదిలో చాలాసేపు నిలబడ్డాను. కళ్ళూ ముక్కూ లేని బూజు, గాలి చాలడంలేదని కనిపెట్టి దారి వెతుక్కుంది. నాకు ఆపాటి తెలివి లేకపోయిందని ఒళ్ళు మండింది. మూసే ఉంచితే ఇవీ పోతాయి, ఇంట్లో మళ్ళీ నేనొక్కదాన్నే. ఆ భయంతోనే గోనెలు లాగేశాను.

బిగుసుకుపోయిన కిటికీ రెక్కని భుజంతో తోస్తే తెరుచుకుంది. అవతల దొడ్లో వెనకింటావిడ బట్టలు ఆరేస్తోంది. జాలి చూపుకి సిద్ధపడ్డాను. ఆవిడ మాత్రం తడి చీర చేత్తో పట్టుకుని ఆశ్చర్యంగా చూసింది.

"మీరాండీ? ఎప్పుడొచ్చారు? ఆయన పోయాక అన్నవరంలో మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారనుకున్నామండి."

ఏడాదిగా ఎవరి కంట పడకూడదని దాక్కున్నానో, వాళ్ళు నాకోసం చూడనే లేదు.

"నిన్ననే వచ్చానండి" అన్నాను.