పరశురాములన్న డక్టు ముచ్చట

పరశురాములన్నకు ఏదీ తేల్చుకోవడం చేతకాదు. ఈ మాట చాటున అంటున్నది కాదు. ఆయన ముఖం మీదే అంటే, "గంతేనంటవా? కాదంటవా?" అని నన్నే ఎదురు అడిగాడు.

మోతెలో గొర్రెలు కాసి, గొర్రెల బేరం చేసి, చివరికి సూర్యాపేటలో ఎరువుల దుకాణం పెట్టిన మనిషి. బేరంలో గట్టివాడే. తనకోసం తాను ఎంచుకోవాల్సి వస్తేనే తిప్పలు. హోటల్లో ఇడ్లీనా దోశనా అని ఆలోచిస్తూ కూర్చుంటాడు. సర్వరు చుట్టుపక్కల బల్లలన్నీ తుడిచి వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉంటాడు. చివరికి చాయ్ తాగి లేస్తాడు. చెప్పుల షాపుకు వెళ్తే రెండు జతలు నచ్చుతాయి, పాత చెప్పులతోనే ఇంటికి వస్తాడు.

అలాంటి మనిషి 2012లో కొత్త ఇల్లు కట్టి, ఏసీలు పెట్టించడానికి నా దగ్గరికి వచ్చాడు. నా పేరు అబ్రహాం. మాది కోదాడ, సూర్యాపేటలో ఏసీల దుకాణం నడుపుతాను. వచ్చినవాళ్లందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పాను.

"అన్నా, రెండు పద్ధతులున్నాయి. ఒకటి డక్టు. మిద్దె మీద పెద్ద మిషన్ ఒక్కటే ఉంటుంది. సీలింగ్ లోపల రేకు గొట్టాలు పోయి అన్ని గదులకూ గాలి ఇస్తాయి. రెండోది డక్టు లేనిది. గదికో డబ్బా గోడకి తగిలిస్తాం, ఏ గదిలో ఉంటే ఆ గదిదే వేసుకుంటారు. కావాలంటే చలికాలం వేడిగాలి ఇచ్చేవి కూడా ఉన్నాయి."

"సూర్యాపేటల ఏడిగాలి కొనుక్కునేటోడు ఎవడు తమ్మీ?"

"ఎవరూ లేరన్నా. మాటవరసకి చెప్పాను."

ఆయన వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టాడు. "డక్టు పెడితే మనుషులు లేని గదులు గూడ సల్లగైతయి, కరెంటు దండుగ. పెట్టకుంటే వంటింట్ల ఆడోళ్లు ఉడికిపోతరు. మరి డక్టా, డక్టు లేకనా?"

ఆ వారంలో తేలిపోతుందనుకున్నాను. ఆయనతో నాకు అదే మొదటి వ్యాపారం.

ఇక్కడో చిక్కుంది. డక్టు సంగతి తేలందే సీలింగ్ వెయ్యలేం. సీలింగ్ వెయ్యందే రంగులు లేవు. రంగులు పడందే గృహప్రవేశం లేదు. ఆయన భార్య మైసమ్మ వదిన కిరాయింట్లో ఓనరు చేత మాటలు పడుతూ ముహూర్తాలు పెట్టించేది. ఆయన వాటిని ఒక్కొక్కటే దాటించేవాడు.

దాటిస్తూ ఊరికే ఉండలేదు. ఎదురుపడిన ప్రతి మనిషినీ అడిగాడు. మిర్యాలగూడ బస్సులో, "డక్టా, డక్టు లేకనా?" అంటే కండక్టరు, "టికెట్టు లేకుంటె దిగాలె పెద్దమనిషీ" అన్నాడు. మోతెలో చుట్టాలింట్లో పెద్దకర్మకు పోయి, తలమీద కత్తి ఆడుతుండగా మంగలి కోటయ్యను అడిగాడు. కోటయ్య కత్తి ఆపి ఆలోచించాడట. సగం గుండుతో ఈయన జవాబు కోసం ఎదురుచూశాడట.

ఆ రోజు నుంచి మోతెలో ఇంకో మాట పుట్టింది. డక్టు అంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదు. "పరశురాములు డాక్టరా, డాక్టరు లేకనా అని అందరినీ అడుగుతున్నడు, పానం బాగలేనట్టుంది" అనుకున్నారు. ఓ ఆదివారం జీపు నిండా చుట్టాలు బత్తాయిల బుట్టలతో దిగారు.

"ఏమైంది బావా? దవాఖానకు పోవాల్నా వద్దా అని గింత పరేషానైతే ఎట్ల?" అని బామ్మర్ది తిరుపతి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

పరశురాములన్న అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "గదంత ఇడిసిపెట్టు తిరుపతీ. డక్టా, డక్టు లేకనా?" అన్నాడు.

బత్తాయిలు మాత్రం కొత్తింటికి వెళ్లాయి. అక్కడ కావలి ఉండే లింగ్యా భార్య రంగికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఇల్లు పూర్తయితే మిర్యాలగూడ పనికి పోతామనీ, మేస్త్రీ పిలుస్తున్నాడనీ లింగ్యా అంటుండేవాడు.

డిసెంబరు వచ్చింది. ఆ ఏడు చలి గట్టిగానే పడింది. ఓ పొద్దున మైసమ్మ వదిన నా దుకాణం మెట్లెక్కింది.

"అబ్రహామూ, ఇయ్యాల తేలాలె. లేకుంటె ఆయన నెత్తిమీదికెల్లే గొట్టం ఏపిస్త."

ఇద్దరం కొత్తింటికి వెళ్లాం. అన్న వరండాలో సిమెంటు బస్తా మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"డక్టు వద్దు తమ్మీ. హాల్ల గోడకు డబ్బా పెట్టు. ఏడిగాలి వచ్చేది. ఇయ్యాలనే."

ఆ నోటి నుంచి ఒక ప్రశ్నకు ఒకే జవాబు రావడం నేనెన్నడూ వినలేదు.

"ఎప్పుడు తేల్చుకున్నవ్?" అంది వదిన.

"మొదటి దినమే."

"మరి గిన్ని నెలలు?"

ఆయన గొంతు తగ్గించాడు. "లింగ్యా సంగతి నీకెరుకే గదా. పని లేని కాడ ఒక్క పూట ఉండడు. ఊకె ఉండుమంటే సామాన్ సదురుకుంటడు. మిర్యాలగూడల ఉండేది రేకుల షెడ్డు. పోయినసారి బిడ్డ సచ్చిపోయింది గసొంటి షెడ్లనే. ఇల్లు సగంల ఉంటేనే గదా కావలి మనిషి కావాలె."

లోపల హాల్లో, బండల మీద పరిచిన గొంగట్లో రంగి పడుకుని ఉంది. పక్కన పసిగుడ్డు. ఆ పొద్దునే దవాఖాన నుంచి తెచ్చారు. నాకు ఆ మనిషి మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. కానీ వదిన ముఖం చూసి భయం వేసింది.

"పాలు పొంగియ్యని ఇంట్ల పురుడు," అంది మెల్లగా.

వదిన లోపలికి పోయి, వంగి బిడ్డ పాదం పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"కాళ్లు మంచులెక్క ఉన్నయి. సూసుకుంట నిలబడ్డవేంది అబ్రహామూ? గోడకు బొక్క కొట్టు."

మధ్యాహ్నానికి మిషన్ ఎక్కింది. కరెంటు కూడా దయతలిచి ఉంది. గది మెల్లగా వెచ్చబడింది, బిడ్డ పిడికిళ్లు విప్పింది. అప్పుడు లింగ్యా మూట భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"సేటూ, మిషన్ పెట్టిన్రంటే పని ఖతమైనట్టే గదా. నేను ముందుగాల పోయి షెడ్డు సూసుకుంట. రేపు వచ్చి వీళ్లను తీస్కపోత."

పరశురాములన్న వదిన వైపు చూశాడు.

"యాడికి పోతవ్ లింగ్యా?" అంది వదిన, బిడ్డ మీద దుప్పటి సర్దుతూ. "గేటు సంగతి తేలనే లేదు. ఇనుపది పెట్టాలెనా, కట్టెది పెట్టాలెనా, నాకు ఎటూ తోస్తలేదు. గేటు లేని ఇంటికి కావలి ఎవరుంటరు?"

లింగ్యా ఆలోచించాడు. మూట దించాడు.

"ఇనుపదే మంచిగుంటదమ్మా."

"గట్లనంటవా?" అంది మైసమ్మ వదిన. "ఏమో మరి. సూడాలె."