మేడికొమ్మకు దూరంగా

వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అవ్వ ఒడిలో తడిగుడ్డ చుట్టిన మేడికొమ్మ ఉంది. మనవరాలి పెళ్లిపందిట్లో నాటాలట, ఆలోపు ఆకు వాడిపోతే అరిష్టమట.

"నువ్వేం పని జేస్తవ్ బిడ్డా?"

"కట్టె డిపోల అవ్వా. గదిల గాలి తేమ తగ్గించుకుంట పచ్చికట్టెను ఆరబెడ్త."

ఆమె గబుక్కున కొమ్మను అవతలి పక్కకు మార్చుకుంది. "జర దూరం జరుగు."

పరిహాసమనుకున్నాను. ఆమె నవ్వలేదు. గాలి మరీ పొడిబారితే తేమ పెంచడమూ నా పనేనని చెప్పాను. గుడ్డ ఆరుతోందని నా సీసాలోని నీళ్లు దానిమీద పోయబోయాను.

"నీ చెయ్యి వద్దు. సీస గిటియ్యి" అని తనే పోసుకుంది.

గద్వాలలో దిగుతూ అంది: "పెండ్లికి రా బిడ్డా. కడుపునిండ తిను. పందిట్లకు మాత్రం రాకు."

సరేనన్నాను. దేనికి సరేనన్నానో ఇప్పటికీ తెలియదు.